మంటకో ఫైలు, పొగకో ఫైలు

మార్చి 4, ఏప్రిల్ 14, జూన్ 5. ఈ మూడు తేదీలకూ ఉన్న సంబంధం ఏమిటో చెప్పగలరా? మొదటిది జాతీయ భద్రతా దినం. 1966లో అదే రోజున జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. రెండవది అగ్నిమాపక దినం. 1944లో బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయి, మంటలార్పడానికి వెళ్ళిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది బలైపోయారు. వారిని ఆ రోజున తలచుకుంటాం. మూడవది ప్రపంచ పర్యావరణ దినమని మీకు తెలిసిందే.

ఏ ఉక్కు కర్మాగారానికి వెళ్ళినా ఈ మూడు రోజులూ వేడుకగా జరుగుతాయి. మార్చిలో గేటు మీద భద్రతా నినాదాల బ్యానరు కడతారు. ఏప్రిల్‌లో ఒక డ్రమ్ములో డీజిలు పోసి అంటించి, ఆర్పి చూపిస్తారు. జూన్‌లో మొక్కలు నాటుతారు. ఈ మూడింటికీ రిజిస్టర్లు వేరు, చూసే అధికారులు వేరు, తనిఖీకి వచ్చే ప్రభుత్వ శాఖలూ వేరు. మంట ఒక ఫైలులో, పొగ మరొక ఫైలులో ఉంటాయి. ఈ విభజన విజ్ఞానశాస్త్రం ప్రకారం తప్పు. కొలిమికి ఆ రెండు ఫైళ్ళ సంగతి తెలియదు. ఏ లోపం వల్ల పొగ వస్తుందో, చాలాసార్లు అదే లోపం వల్ల మంటా పుడుతుంది. దీన్ని రుజువు చేసుకోవడానికి రాయపూర్ వెళ్దాం రండి.

రాయపూరే ఎందుకు?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ చుట్టూ ఉర్లా, సిల్తరా, భన్‌పురి, బోర్ఝరా అనే పారిశ్రామిక వాడలున్నాయి. స్పాంజ్ ఇనుము కర్మాగారాలు, తుక్కు కరిగించే ఇండక్షన్ కొలిములు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో మిశ్రలోహాల కొలిములు అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి. మీ ఊళ్ళో కట్టే ఇంటి స్లాబులోని ఊచ అక్కడ తయారైనదే అయినా ఆశ్చర్యం లేదు.

ఈ కథలో తెలుగునేలకూ పాత్ర ఉంది. మన దేశంలో మొట్టమొదటి స్పాంజ్ ఇనుము కర్మాగారం 1980లో పాల్వంచలో, ఐక్యరాజ్యసమితి సహాయంతో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 30,000 టన్నుల చిన్న కర్మాగారమది. మన దేశంలో దొరికే ఇనుప రాయితో, కోకుకు పనికిరాని మన బొగ్గుతో ఇనుము తీయవచ్చని అది నిరూపించింది. నేడు ప్రపంచంలో స్పాంజ్ ఇనుమును అత్యధికంగా తయారుచేసే దేశం మనదే. పాల్వంచలో మొలిచిన విత్తనం రాయపూర్‌లో అడవిలా పెరిగింది.

ఆ అడవి పైన గాలి ఎలా ఉంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటించిన పట్టికలో రాయపూర్ గాలిలోని అతి సన్నని ధూళి (పి.ఎం. 2.5) ఘనపు మీటరుకు 134 మైక్రోగ్రాములు. మన దేశపు వార్షిక ప్రమాణం 40. అంటే మూడు రెట్లకు పైమాటే. అప్పటి పట్టికలో ఢిల్లీ, పాట్నా, గ్వాలియర్ తరువాత స్థానం రాయపూర్‌దే. ఈ ధూళి అంతా కొలిములదే అనడం న్యాయం కాదు. రోడ్లు, లారీలు, వంట పొయ్యిలు కూడా అందులో భాగస్తులే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు పథకంలో రాయపూర్, భిలాయి, కోర్బా మూడింటినీ చేర్చారంటే సమస్య ఎంత పెద్దదో ఊహించుకోవచ్చు.

ఒకే గొట్టంలో రెండు ప్రమాదాలు

మీ రసాయనశాస్త్రం పుస్తకంలో ఇనుము సంగ్రహణ అనగానే బ్లాస్ట్ కొలిమి బొమ్మ ఉంటుంది. రాయపూర్ వాడల్లో ఎక్కువగా పనిచేసేది వేరొక యంత్రం. నలభై మీటర్లకు పైగా పొడవుండి, కొంచెం వాలుగా పడుకోబెట్టి, మెల్లగా తిప్పే పెద్ద ఉక్కు గొట్టమది. దాన్ని కిల్న్ అంటారు. ఒక చివర ఇనుప రాయి, బొగ్గు, కొంత డోలమైటు వేస్తారు. లోపల వేడి సుమారు 1000 డిగ్రీల సెంటీగ్రేడు. అక్కడ ఇనుము కరగదు. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడు, రాయిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. దీన్నే క్షయకరణం అని చదువుకున్నారు. ఆక్సిజన్ పోయిన చోటల్లా సన్నని రంధ్రాలు మిగులుతాయి. అందుకే దానికి స్పాంజ్ ఇనుము అని పేరు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఇనుమును తయారుచేసేది కార్బన్ మోనాక్సైడు. మిగిలిపోయి బయటికి వస్తే విషం అదే. గాలిలో 12.5 నుంచి 74 శాతం దాకా కలిసినప్పుడు పేలే ఇంధనమూ అదే. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకే వాయువు పనిముట్టు, కాలుష్యం, నిప్పు మూడూ అయినప్పుడు దాన్ని మూడు ఫైళ్ళలో ఎలా పెడతాం?

కిల్న్ నుంచి వచ్చే వాయువుల్ని ముందు ఒక గదిలో అదనపు గాలి ఇచ్చి మండిస్తారు. అక్కడ కార్బన్ మోనాక్సైడు కాలి కార్బన్ డయాక్సైడు అవుతుంది. తరువాత వేడిని తీసుకుని, ధూళిని పట్టుకోవడానికి ఇ.ఎస్.పి. అనే యంత్రంలోకి పంపుతారు. అధిక వోల్టేజి విద్యుత్తుతో ధూళి కణాలకు ఆవేశం ఇచ్చి పలకలకు అంటుకునేలా చేయడమే దాని పని. దువ్వెనను జుట్టుకు రుద్ది కాగితం ముక్కలను లాగే ప్రయోగం మీరు చేసే ఉంటారు. సూత్రం ఇంచుమించు అదే.

కానీ అధిక వోల్టేజి ఉన్నచోట నిప్పురవ్వలూ ఉంటాయి. ముందరి గదిలో వాయువు సరిగా కాలకపోతే, కాలని కార్బన్ మోనాక్సైడు ఇ.ఎస్.పి.లో రవ్వలను కలుసుకుంటుంది. ఆ తరువాత ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. అందుకని అలాంటప్పుడు ఇ.ఎస్.పి.ని ఆపి, వాయువుల్ని పక్కదారి పట్టించాలి. పొగగొట్టం మీద దానికోసమే ఒక మూత ఉంటుంది. కరెంటు పోయినా ఆ మూతే తెరుచుకోవాలి. అది ప్రెషర్ కుక్కరుకు ఉండే సేఫ్టీ వాల్వు వంటిది.

మూత రోజూ తెరుచుకుంటే?

కుక్కరు సేఫ్టీ వాల్వు ఏడాదికొకసారి పోతే అది మనల్ని కాపాడినట్టు. రోజూ పోతుంటే వంటలోనే తప్పుందని అర్థం. ఈ సంగతి మన ఇళ్ళల్లో అమ్మలందరికీ తెలుసు. కొలిముల దగ్గర మాత్రం దీన్ని మరచిపోతున్నారు.

చీకటి పడ్డాక పొగ ఎక్కువవుతోందనీ, కరెంటు ఖర్చు తగ్గించుకోవడానికి రాత్రిళ్ళు ఇ.ఎస్.పి.లు ఆపేస్తున్నారనీ ఇటువంటి వాడల పక్కనున్న పల్లెల్లో ఏళ్ళ తరబడి ఫిర్యాదులున్నాయి. పొద్దున లేచేసరికి డాబాల మీద, చెరువు నీళ్ళ మీద, వరి ఆకుల మీద నల్లని పొర. కాలుష్యం ఫైలు చూసే అధికారి దాన్ని ధూళి నేరంగా రాసుకుంటారు. అది నేరమే. కానీ మూత ఎందుకు తెరిచారు అని అడిగితే జవాబు రెండు రకాలుగా రావచ్చు. డబ్బు మిగుల్చుకోవడానికి తెరిచి ఉంటే అది మోసం. కాలని వాయువు పెరిగి పేలుడు భయంతో తెరిచి ఉంటే, అది అగ్ని ప్రమాదపు హెచ్చరిక. నాసి బొగ్గు, సరిపోని గాలి, పనిచేయని కొలమానం, నిలకడలేని కరెంటు - వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. రెండో ప్రశ్న అడిగేవారు లేరు. ఎందుకంటే నిప్పు ఆయన ఫైలు కాదు.

2008లో కేంద్ర ప్రభుత్వం స్పాంజ్ ఇనుము కర్మాగారాలకు ప్రమాణాలు ప్రకటించింది. బొగ్గుతో నడిచే వాటి పొగలో ధూళి ఘనపు మీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. కార్బన్ మోనాక్సైడు 1 శాతం దాటకూడదు. ఈ రెండు అంకెలూ ఒకే పట్టికలో ఉండడం మంచి విషయం. ఒకటి ఊపిరితిత్తుల్ని, రెండోది ఊపిరితిత్తులతోపాటు కర్మాగారాన్నీ కాపాడుతుంది. 2014 నుంచి పొగగొట్టాల్లో నిరంతరం కొలిచే మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. ఇదీ మంచిదే. కానీ ఇ.ఎస్.పి. దాటాక ఉన్న గొట్టంలో మీటరు పెట్టి, దానికి ముందే ఉన్న మూత తెరిస్తే మీటరుకు ఏం కనిపిస్తుంది? ముందు తలుపు దగ్గర కాపలాదారును పెట్టి పెరటి తలుపు తీసి ఉంచినట్టే. మూత తెరిచిన ప్రతిసారీ సమయాన్ని తానే నమోదుచేసే గడియారం, ఇ.ఎస్.పి.కి విడిగా ఒక కరెంటు మీటరు ఉంటే దొంగతనమూ బయటపడుతుంది, ప్రమాదపు హెచ్చరికా అందుతుంది.

భిలాయి పాఠం

రాయపూర్‌కు పడమటగా 30 కిలోమీటర్ల దూరంలో భిలాయి ఉక్కు కర్మాగారం ఉంది. సోవియట్ సహకారంతో కట్టిన దాని మొదటి బ్లాస్ట్ కొలిమిని 1959లో ప్రారంభించారు. ఎందరో తెలుగువారికి అన్నం పెట్టిన ఊరది. చిన్న కర్మాగారాల మాట సరే, ఇంత అనుభవమున్న పెద్ద సంస్థలో ఇలాంటివి జరగవు అనుకుంటాం.

2014 జూన్ 12 సాయంత్రం అక్కడ ఒక పంపుహౌసు నుంచి వెళ్ళే నీటి గొట్టం పగిలింది. ఆ నీరు ఎక్కడికి వెళుతుంది? బ్లాస్ట్ కొలిమి వాయువును కడిగి ధూళి తీసే విభాగానికి. అంటే కాలుష్య నివారణ యంత్రానికి. నీటి ఒత్తిడి పడిపోగానే, ఇంతసేపూ నీరు అడ్డుకుని ఉంచిన వాయువు అదే గొట్టాల్లో వెనక్కి ప్రయాణించి పంపుహౌసులోకి వచ్చింది. ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడు పాలు ఎక్కువ. ఆరుగురు చనిపోయారు. వారిలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు.

ఈ చివరి వాక్యం మరోసారి చదవండి. ప్రమాదం జరిగిన ప్రతిసారీ కార్మికుల అజాగ్రత్త అనే మాట వింటాం. ఇక్కడ చనిపోయినవారిలో పెద్ద చదువులు చదివి, దశాబ్దాల అనుభవమున్న ఇంజనీర్లున్నారు. లోపం మనుషుల చదువులో లేదు, అమరికలో ఉంది. నీటి ఒత్తిడి పడిపోతే తానే మూసుకునే కవాటం, కంటికి కనిపించని వాయువును పసిగట్టి మోగే గంట - ఇవి మనిషి జాగ్రత్త మీద ఆధారపడని రక్షణలు.

నాలుగేళ్ళ తరువాత, 2018 అక్టోబరు 9న, అదే కర్మాగారంలో కోకు కొలిమి వాయువు గొట్టం మీద నిర్వహణ పని జరుగుతుండగా మంటలు లేచి పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. మృతుల్లో మంట వస్తే ఆర్పడానికి నిలబడ్డ అగ్నిమాపక సిబ్బంది కూడా ఉన్నారు. కోకు కొలిమి వాయువులో సగానికి పైగా హైడ్రోజనే. అది అంటుకున్నాక ఆర్పడానికి సమయం ఉండదు. గొట్టాన్ని ముందుగా ఖాళీచేసి, నత్రజనితో కడిగి, కొలిచి చూసి, అప్పుడు చేయి పెట్టాలి. ఆర్పే మనిషిని పక్కన నిలబెట్టడం నివారణ కాదు. మన విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలోనూ 2012 జూన్ 13న ఆక్సిజన్ నియంత్రణ కేంద్రాన్ని పరీక్షిస్తుండగా పేలుడు జరిగి పదిహేను మందికి పైగా బలయ్యారు.

దుమ్మూ ఇంధనమే

ఇనుము కాలుతుందా అని అడిగితే చాలామంది కాలదంటారు. దీపావళి నాటి కాకరపువ్వొత్తిని గుర్తు తెచ్చుకోండి. అందులో రవ్వలై ఎగిరేది ఇనుప రజనే. ముద్దగా ఉన్న ఇనుము కాలదు. పొడిచేసి గాలిలో చల్లితే కాలుతుంది. ఉపరితల వైశాల్యం పెరిగినకొద్దీ చర్య వేగం పెరుగుతుందనే సూత్రమే ఇది.

2011లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం, గలాటిన్ పట్టణంలో ఇనుప పొడి తయారుచేసే కర్మాగారంలో జనవరి, మార్చి, మే నెలల్లో వరుసగా మూడు ప్రమాదాలు జరిగాయి. ఐదుగురు చనిపోయారు. మూడోసారి హైడ్రోజన్ గొట్టం లీకై పేలింది. ఆ అదురుకు పైకప్పు దూలాల మీద పేరుకున్న ఇనుప దుమ్ము నిప్పై కింద పనిచేసేవారి మీద రాలింది. 2014 ఆగస్టులో చైనాలోని కున్‌షాన్‌లో కారు చక్రాలకు మెరుగుపెట్టే కర్మాగారంలో అల్యూమినియం దుమ్ము పేలి 146 మంది మరణించారు.

యంత్రం లోపల ఉండవలసిన దుమ్ము కారిపోయి దూలాల మీద, కేబుళ్ళ మీద చేరితే కాలుష్యం ఫైలు దాన్ని ఇంటిలోపలి ధూళి అని రాసుకుని ఊరుకుంటుంది. నిప్పు ఫైలు దాన్ని అసలు పట్టించుకోదు. కార్మికుడు మాత్రం పగలు దాన్ని పీలుస్తూ, దాని కిందే నిలబడి పనిచేస్తాడు.

స్పాంజ్ ఇనుము సంగతి మరీ విచిత్రం. రంధ్రాలమయమైన ఆ ఇనుము తడిస్తే మళ్ళీ తుప్పు పడుతూ వేడెక్కుతుంది, హైడ్రోజన్‌ను వదులుతుంది. 2004లో ఇటువంటి ఇనుప రజను సరుకుగా వేసుకున్న ఇథాన్ అనే ఓడ కొలంబియా తీరం దగ్గర పేలి ఆరుగురు చనిపోయారు. వేడెక్కిన గుట్ట మీద నీళ్ళు చల్లితే మంట ఆరకపోగా మరింత హైడ్రోజన్ పుట్టవచ్చు. అయినా ఏప్రిల్ ప్రదర్శనలో డీజిలు మంటే ఆర్పి చూపిస్తారు. అక్కడ నిజంగా రాగల మంటను మాత్రం చూపించరు.

తుక్కు గుట్టలో దాగినది

ఇండక్షన్ కొలిమిలో విద్యుదయస్కాంత ప్రేరణతో తుక్కును సుమారు 1600 డిగ్రీల వద్ద కరిగిస్తారు. తుక్కులో నూనె, రంగు, ప్లాస్టిక్ ఉంటే నల్లటి పొగ. జింకు పూత పూసిన రేకులుంటే, జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగై లేస్తుంది. దాన్ని పీల్చినవారికి ఆ రాత్రి జ్వరం. తుక్కులో తేమ ఉంటే? ఒక లీటరు నీరు ఆవిరైతే ఇంచుమించు 1,600 లీటర్ల చోటు కావాలి. కరుగు కింద చిక్కుకున్న చెంచాడు నీటికి ఆ చోటు దొరక్క, కరిగిన ఉక్కును పైకి విసిరికొడుతుంది. మూతి మూసిన డబ్బాలైతే చిన్న బాంబులే. 2004 సెప్టెంబరు 30న ఘజియాబాద్ దగ్గర సాహిబాబాద్‌లో దిగుమతి అయిన తుక్కులో నిజమైన ఫిరంగి గుళ్ళే వచ్చి, పేలి పది మందిని చంపాయి.

ఇప్పుడు నివారణ ఏమిటో మీరే చెప్పగలరు. తుక్కును ఏరడం, విడగొట్టడం, కప్పు కింద ఆరబెట్టడం. ఈ ఒక్క పనితో నల్ల పొగ, తెల్ల పొగ, పేలుడు మూడూ తగ్గుతాయి. దీనికి విదేశీ యంత్రాలు అక్కరలేదు. రేకుల షెడ్డు, ఏరే మనుషులు, ఏరడానికి సమయం చాలు. లాభం తక్కువ, ఖర్చు భరించలేం అనే చిన్న యజమానులు ఈ లెక్క వేసి చూడాలి. కాలుష్యానికి విడిగా, అగ్ని భద్రతకు విడిగా లెక్కిస్తే రెండూ ఖర్చుగా కనిపిస్తాయి. కలిపి లెక్కిస్తే ఒకే ఖర్చుకు రెండు ఫలితాలు.

లోపం ఎక్కడుంది?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే విషవాయువులు, పేలే ధూళి, అగ్ని జాగ్రత్తలు వరుస సెక్షన్లుగా ఉండేవి. గాలి కాలుష్యానికి 1981లో వేరే చట్టం వచ్చింది. 1984 భోపాల్ దుర్ఘటన తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదాల సమాచారాన్ని కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ తెలపాలని చేర్చారు. 2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమలులోకి వచ్చింది. చట్టాల పేర్లు మారాయి, కానీ తనిఖీ శాఖలు విడివిడిగానే ఉన్నాయి.

భద్రతాశాస్త్రంలో రక్షణలకు ఒక వరుస ఉంది. ముందు ప్రమాదాన్ని తొలగించాలి. కుదరకపోతే తక్కువ ప్రమాదమున్నదాన్ని వాడాలి. తరువాత యంత్రపు అమరికలు, ఆ తరువాత పని నియమాలు. అన్నిటికన్నా చివర హెల్మెట్లు, చేతిజోళ్ళు. మన వాడల్లో ఈ వరుస తలకిందులైంది. హెల్మెట్టుతో మొదలై నినాదంతో ముగుస్తోంది. 1600 డిగ్రీల ఉక్కు మీద పడ్డప్పుడు హెల్మెట్టు ఎంతవరకు కాపాడుతుంది? ఒడిశా నుంచో బీహార్ నుంచో నిన్న వచ్చి, కాంట్రాక్టరు కింద ఇవాళ చేరిన కుర్రవాడికి ఆ గొట్టంలో ఏ వాయువు ఉందో ఎవరు చెబుతారు?

మీలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు తనిఖీ అధికారులు, కొందరు యజమానులు కావచ్చు. ఏదైనా కర్మాగారానికి విజ్ఞాన యాత్రగా వెళితే ఎంత ఉత్పత్తి చేస్తారు అని ఒక్కటే అడిగి రాకండి. పొగగొట్టం మూత గత నెలలో ఎన్నిసార్లు తెరిచారు, ఎందుకు తెరిచారు అని అడగండి. వాయువును పసిగట్టే గంట ఎక్కడుందో, చివరిసారి ఎప్పుడు పరీక్షించారో అడగండి. తల పైకెత్తి దూలాల మీద దుమ్మెంత ఉందో చూడండి. తుక్కు గుట్ట కప్పు కింద ఉందా, వానలో ఉందా గమనించండి. ఈ నాలుగు ప్రశ్నలకూ తృప్తికరమైన జవాబులు దొరికిన చోట పల్లెలో వరి పైరు పచ్చగానే ఉంటుంది, షిఫ్టు ముగిశాక మనుషులూ క్షేమంగా ఇల్లు చేరతారు. దొరకని చోట, ఆ కర్మాగారంలో రెండు ఫైళ్ళున్నాయని తెలుసుకోండి.